గో అరౌండ్ చేసిన పిల్లల్ని నిలదీయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఇంటర్ ఎంపీసీ చదివే రోజుల నుంచి పైలట్ కోర్సుల మీద పత్రికల్లో ఏం వచ్చినా కత్తిరించి దాచుకున్నదాన్ని నేను. ఫీజు ఎంత, జీతం ఎంత, కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఇవన్నీ వాటిలో ఉంటాయి. ఆ 200 గంటల్లో మొదటి ఇరవై ముప్పై గంటలు ఒక స్టూడెంట్‌కి ఎలా గడుస్తాయో మాత్రం నాకెక్కడా కనిపించలేదు. మాది ఖమ్మం జిల్లా. ఇప్పుడు మహారాష్ట్రలో ఒక ఫ్లయింగ్ స్కూల్లో శిక్షణలో ఉన్నాను. పిల్లల్ని ఈ కోర్సులో చేర్చిన, చేర్చాలనుకుంటున్న తల్లిదండ్రుల కోసం, దిగడం కుదరనప్పుడు విమానాన్ని మళ్లీ పైకి తీసుకెళ్లే గో అరౌండ్ గురించి ఇది రాస్తున్నాను, దయచేసి వేయండి.

మాకు సర్క్యూట్లు అని ఉంటాయి. రన్‌వే మీద నుంచి లేచి, వెయ్యి అడుగులు ఎక్కి, రన్‌వేని పక్కన పెట్టుకుని ఎదురు దిశలో వెళ్లి, రెండు మలుపులు తిరిగి మళ్లీ అదే రన్‌వే మీద దిగాలి, చక్రాలు ఆనాక ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) తీసేసి ఫుల్ పవర్ ఇచ్చి మళ్లీ లేవాలి. ఒక్కో చుట్టుకి ఆరేడు నిమిషాలు. ఈ ఆరేడు నిమిషాల్లోనే రేడియోలో మాట్లాడాలి, ఫ్యూయల్, మిక్స్చర్ (ఇంజిన్‌కి వెళ్లే గాలి, ఇంధనం పాళ్లు) చూసుకోవాలి, ముందు వెళ్తున్న విమానం ఎక్కడుందో వెతుక్కోవాలి, అది కనపడేలోపే మన మలుపు వచ్చేస్తుంది. ఏప్రిల్‌లో పొద్దెక్కితే ఇంకా కష్టం, దున్నిన చేను మీద విమానాన్ని గాలి పైకి తోస్తుంది, చెరువు మీదికి రాగానే కిందికి జారుతుంది.

పన్నెండు గంటలు ఎగిరాక నేను అక్కడే ఆగిపోయాను. మిగతావన్నీ వచ్చాయి, ల్యాండింగ్ రాలేదు. నేల దగ్గరికి రాగానే ముక్కు ఎత్తి వేగం తగ్గిస్తూ కూర్చోబెట్టాలి, నేను ప్రతిసారీ తొందరపడి ఎత్తేదాన్ని, విమానం పైకి తేలి ధబీమని పడేది. బండి నేర్చుకునేటప్పుడు ముందు చక్రం వంక చూస్తే పడిపోతాం కదా, ఇక్కడా అదే తప్పు, కళ్లు ముక్కు ముందున్న తారు మీద ఉండేవి, రన్‌వే చివర ఉండాలి. తెలిసినా చూపు లేచేది కాదు.

దానికి తోడు రోజూ సాయంత్రం ఇంటి నుంచి ఫోన్. "సోలో అయిందా?" సోలో అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా మొదటిసారి ఒంటరిగా ఎగరడం. నాన్న బ్యాంకు లోను తీసుకున్నారు, గంట గంటకీ డబ్బు, ఆయన అడగడంలో తప్పేం లేదు. పెద్దమ్మ కూడా అడిగేది, మా బ్యాచ్‌లో ఇంకో అబ్బాయికి ముందే అయిపోయిందని ఎవరో చెప్పారట. ఆ టెన్షన్‌తోనే రాత్రి పడుకుని ఆ టెన్షన్‌తోనే పొద్దున విమానం ఎక్కేదాన్ని.

ఒకరోజు ఫైనల్ మలుపు, అంటే దిగడానికి రన్‌వేకి ఎదురుగా తిరిగే చివరి మలుపు, ఆలస్యంగా తిప్పాను. రన్‌వే లైను దాటి పక్కకి వెళ్లిపోయాను. దిగడం మానేసి పవర్ ఇచ్చి పైకి వెళ్లి ఇంకో చుట్టు కొట్టాలి, దాన్నే గో అరౌండ్ అంటారు. నేను ఆ పని చేయకుండా, రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పే తోక పలక) పెడల్ గట్టిగా తొక్కి ముక్కుని రన్‌వే వైపు లాగబోయాను. ఇన్‌స్ట్రక్టర్ వెంటనే కంట్రోల్స్ తీసుకున్నారు. దిగాక ఆయన అరవలేదు, ఎందుకు గో అరౌండ్ చేయలేదని అడిగారు. ఉన్నది చెప్పాను. ఈ గంటలో అప్పటికే రెండుసార్లు చేశాను సర్, ఇంకోటి చేస్తే ఇంకో చుట్టు డబ్బు వృథా అనిపించింది అని. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కాగితం మీద గీసి చూపించారు, తక్కువ వేగంలో అలా రడ్డర్ తొక్కితే మలుపు లోపలి వైపు రెక్క ముందు స్టాల్ అవుతుంది, అంటే విమానాన్ని మోసే శక్తి కోల్పోతుంది, విమానం ఆ వైపుకి తిరగబడి గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లోకి వెళ్తుంది, నాలుగైదు వందల అడుగుల్లో సరిచేసుకునే ఎత్తు ఉండదు.

"రేపటి గంటలో మూడు గో అరౌండ్‌లు నీ అంతట నువ్వే చేయాలి, నేను నోరు తెరవను" అన్నారు.

నాకు ధైర్యం ఆ గంటలోనే వచ్చింది. బాగా లేకపోతే మళ్లీ పైకి వెళ్లిపోవచ్చు అని తెలిశాక చేతులు వదులయ్యాయి, స్టీరింగ్‌ని బిగించి పట్టుకోవడం మానేశాను, చూపు దానంతటదే రన్‌వే చివరికి వెళ్లింది. రన్‌వే మొదట్లో పెద్ద అంకెలు రాసి ఉంటాయి, ఫైనల్‌లో అవి అద్దంలో పైకి జరుగుతుంటే మనం ముందే నేలకి దిగిపోతున్నట్టు, కిందికి జరుగుతుంటే దాటిపోతున్నట్టు. కదలకుండా నిలబడితే సరిగ్గా అక్కడికే వెళ్తున్నాం. ఎన్నోసార్లు చెప్పించుకున్న మాటే, ఆ రోజు మొదటిసారి కళ్లారా చూశాను. మా సెస్నా 172 ఎడమ రెక్క అంచులో చిన్న రంధ్రం ఉంటుంది, వేగం బాగా తగ్గినప్పుడు అందులోంచి గాలి లాగి లోపల రీడ్ (పీక లాంటిది) మోగుతుంది, సన్నాయి సరిచూసుకుంటున్నట్టు. ఆ రోజు నాలుగో ల్యాండింగ్‌లో అది సన్నగా మొదలైంది, ఆ వెంటనే చక్రాలు ఆనాయి. కుదుపు లేదు.

తర్వాత వారానికి సోలో అయింది. పక్క సీటు ఖాళీ, ఇన్‌స్ట్రక్టర్ బెల్టు నేనే బిగించి పెట్టాను. ఆయన బరువు లేకపోవడంతో విమానం ఎంత తొందరగా లేచిందో, వెయ్యి అడుగులు ఎంత ముందుగా వచ్చాయో ఇప్పటికీ గుర్తే.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. చేర్చేటప్పుడే ఒక పది గంటల డబ్బు అదనంగా లెక్కలో పెట్టుకోండి, ఆ మాట పిల్లలకి కూడా చెప్పండి. సోలో ఎన్ని గంటలకి అయిందని పక్కవాళ్లతో పోల్చకండి. గో అరౌండ్ చేశానని మీ పిల్లలు చెబితే ఎందుకు చేశావని నిలదీయకండి. స్కూళ్లు కూడా మొదటి రోజుల్లోనే దీన్ని విడిగా నేర్పితే బాగుంటుంది, నాలాగా పన్నెండు గంటలు దాటేదాకా ఆగకుండా.

ఇదంతా సోలో అయిన రాత్రి నాన్నకి ఫోన్‌లో చెప్పాను. ఆయన ఏళ్ల తరబడి కళ్లంలో వడ్లు తూర్పారబట్టిన మనిషి, గాలి సంగతి ఆయనకి నేను చెప్పక్కర్లేదు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తగానే అడిగే మాట మారింది. "ఇవాళ గాలి ఎటుందమ్మా?"

ఇట్లు,
ఒక స్టూడెంట్ పైలట్,
ఖమ్మం జిల్లా