రెండు గంటల మాత్ర

నిన్నటి నుంచి మళ్లీ క్లాసులకి వెళ్తున్నాను. ముఖం మీద మచ్చలు చూసి "ఏమైందే?" అన్నవాళ్లందరికీ ఒకటే జవాబు, ఆటలమ్మ. ఇరవై ఏళ్లొచ్చాక! చిన్నప్పుడే పోసుంటే నాలుగు రోజులు బడి ఎగ్గొట్టేదాన్ని. పెద్దయ్యాక వస్తే జ్వరమూ పొక్కులూ రెండూ గట్టిగానే ఉంటాయని ఒంటి మీదకొచ్చాక తెలిసింది.

మొదట పొట్ట మీద నాలుగు నీటి పొక్కులు. చెమటకాయలే అనుకున్నా, గుంటూరు ఎండలకి అదేం వింత కాదుగా. రాత్రికి వీపు నిండిపోయింది. పొద్దున్నే హాస్టల్ ఆఫీసులో చెబితే ఒకాయన తల ఎత్తకుండానే "సాయంత్రంలోపు సర్దుకుని ఇంటికెళ్లిపో" అన్నారు. ఎలా వెళ్లను? సత్తెనపల్లి బస్సులో జనం మధ్య కూర్చోవాలి. ఇంట్లో వదినకి ఐదో నెల, తనకి ఆటలమ్మ ఎప్పుడూ పోయలేదు. కడుపుతో ఉన్నప్పుడు ఇది సోకితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. ఆయన పేరు రాయను. కోపం కూడా సగం తగ్గిందిలెండి.

వార్డెన్ మేడమ్, మీరు ఆయనతో వాదించలేదు. పై అంతస్తులో పాత మంచాలు పడేసిన గది తాళం తీయించి, ఊడ్పించి, కిటికీలు తెరిపించారు. విడిగా బాత్రూమ్ ఉండటం నా అదృష్టం. మా గది వాళ్ల పేర్లు రాసుకుని, 21 రోజులు ఒంటి మీద ఏం కనిపించినా చెప్పమన్నారు. సోకాక బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుందట. ఇప్పటిదాకా ఎవరికీ రాలేదు, ఇంకా పది రోజులుంది. పొక్కులు కనపడకముందు ఒకట్రెండు రోజుల నుంచే అంటుకుంటుందని నాకు తెలీదు. ఆ రెండు రోజులూ మెస్సులో నా కంచంలో చెయ్యిపెట్టి తిన్న ఇద్దరికీ క్షమాపణలు.

కొత్తపేట డాక్టరు గారు నన్ను లోపలికి రానివ్వలేదు. హాల్లో పసిపిల్లలున్నారని తనే ఆటో దగ్గరికి వచ్చి చూశారు. "24 గంటల్లోపే వచ్చావు, మంచిపని చేశావు" అని వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ 800 మి.గ్రా. మాత్రలు రాశారు. రోజుకి ఐదు, ఏడు రోజులు. జ్వరానికి పారాసిటమాల్, ఆస్పిరిన్ జోలికి పోవద్దన్నారు. ఆటో అన్న కూడా నన్ను చూసి "నాకు చిన్నప్పుడే పోసిందమ్మా, ఎక్కు" అన్నాడు.

నా రూమ్మేట్‌కి మూడో క్లాసులోనే వచ్చి పోయిందట, అందుకే భయపడకుండా గదిలోకి వచ్చేది. ఆరుకి, పదికి, రెండుకి, మళ్లీ ఆరుకి, పదికి ఫోన్లో అలారం పెట్టింది. గోళ్లు కూడా తనే కత్తిరించింది, గోక్కుంటే మచ్చలు పడతాయని. అయినా గోక్కున్నా, అది నా తప్పే.

ఇక ఆయా పిన్ని. మొదటి రోజు కంచం గుమ్మంలో పెట్టి, చెప్పులు విడిచి, నాకు దణ్ణం పెట్టింది. "అయ్యో పిన్నీ!" అంటే "నీక్కాదులేవే, లోపలున్న అమ్మకి" అంది. నాకోసం తాలింపు లేని పప్పు విడిగా తీయించేది, పెరుగన్నం, పక్క మీదకి వేపమండలు. ఆవిడ లెక్కలో అమ్మవారు పోసినప్పుడు మందులు మింగకూడదు. కానీ మధ్యాహ్నం రెండింటికి రూమ్మేట్ క్లాసులో ఉంటుంది కాబట్టి ఆ మాత్ర ఆవిడే ఇవ్వాలి. "తల్లీ, పిల్ల చదువుకున్నది, తప్పు కాయి" అని పైకి చూసి చెప్పుకుని, మాత్ర నా చేతిలో పెట్టి, అటు తిరిగి నిలబడేది. నేను మింగి గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడ్డాకే ఇటు తిరిగేది. ఏడు రోజులు, ఒక్కరోజు కూడా ఆలస్యం లేదు.

పొక్కులన్నీ మాడి పక్కు కట్టాక, కొత్తవి రావట్లేదని డాక్టరు గారు సరేనన్నాక, వేపాకు, పసుపు వేసిన నీళ్లు కాచి తలంటింది కూడా పిన్నే.

ఆవిడకి చదవటం రాదు. ఇది చదివి వినిపించమని రూమ్మేట్‌కి చెప్పాను. రేపు మధ్యాహ్నం, రెండింటికి.