దుకాణం మూయడం లేదు, గంజి బట్టలకు మాత్రం ఒక రోజు ఎక్కువ

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే మా దుకాణం మూసేస్తున్నారా అని అందరూ అడుగుతున్నారు, ముందు దానికి జవాబు. దుకాణం మూయడం లేదు. శ్రీకాకుళంలో కోటేశ్వరస్వామి గుడి దాటి నది వైపు తిరిగే సందులో ఎక్కడుందో అక్కడే ఉంది. నాగావళి గట్టును బాగుచేసి నడకదారి, పార్కు వేస్తారని, గట్టు మీది పాకల వాళ్లకు తక్కువ ధరలో ఇళ్లు ఇస్తారని మాట వచ్చింది. ఆ తర్వాత టేపు పట్టుకుని ఇద్దరు మా సందు కొలవడం మీలో కొందరు చూశారు. మరునాడు పొద్దున్నే "మా బట్టలు ఇచ్చెయ్యమ్మా" అంటూ వరస కట్టారు. మాకు ఇంతవరకు కాగితం ఏదీ రాలేదు. వస్తే దుకాణం తలుపుకే అతికిస్తాను.

రెండో సంగతి కాస్త మొహమాటంగానే చెబుతున్నాను. మీ బట్టలన్నీ నాగావళిలోనే ఉతుకుతామని చాలామంది నమ్మకం. మా మామగారి కాలంలో అది నిజమే. ఉబ్బ వేసి, అంటే బట్టలకు ఆవిరి పట్టించి, రేవులో బండ మీద బాది, ఇసుక తిన్నెల మీద ఆరేసేవారు. ఇప్పుడు చొక్కాలు, ప్యాంట్లు దుకాణం వెనక మెషీన్లో పడుతున్నాయి. మూడేళ్లయింది. మురుగు కాలువ వచ్చి కలిశాక దిగువ రేవులో తెల్ల చొక్కా ముంచడానికి నాకే చేతులు రాలేదు. కాలువకు ఎగువన నాలుగు బండలు మిగిలాయి. అక్కడికి వెళ్లేవి దుప్పట్లు, పొందూరు ఖద్దరు పంచెలు. వాలుగ చేప దవడతో ఏకిన పత్తితో వడికే నూలు అది. మెషీన్లో తిప్పి నీడన ఆరేస్తే ఆ పంచె మెత్తబడిపోతుంది. గంజి పట్టాలంటే ఎండ, ఏటి గాలి రెండూ కావాలి. పంచెల పెద్దమనుషులు మా దగ్గరికి వచ్చేది అందుకే.

కాబట్టి రేవును కాపాడండి అని గట్టిగా అరిచే హక్కు నాకు సగమే ఉంది. గట్టు మీద ఎన్ని దీపాలు పెడతారన్నది నాకు పట్టదు. ఆ కాలువ నీళ్లు శుద్ధి కాకుండా నదిలో పడకుండా చూస్తే చాలు, మొదటి చప్పట్లు నావే.

ఇళ్ల విషయంలో నా మనసు రెండుగా ఉంది. మా దగ్గర ఉతికే దంపతులు నిరుడు గట్టు మీది పాక వదిలి పాత్రునివలసలో టిడ్కో ఇంటికి, అంటే ప్రభుత్వ సంస్థ కట్టించిన ఇంటికి వెళ్లారు. టిడ్కోవి కింది అంతస్తు, దాని మీద మరో మూడు అంతస్తులు ఉండే భవనాల్లోని ఇళ్లు, 300, 365, 430 చదరపు అడుగుల కొలతల్లో. వీళ్లది అన్నిటికన్నా చిన్నది, పై అంతస్తు. ఆవిడ ఒకటే మాట అంటుంది: "వాన పడితే ఇప్పుడు నిద్ర పడుతోందమ్మా." ఆ మాట విలువ ఏటి ఒడ్డున ఉన్నవాళ్లకే తెలుసు. ఇక్కడ చినుకు లేకపోయినా, ఒడిశా కొండల్లో కుండపోత పడి తోటపల్లి, మడ్డువలస గేట్లు ఎత్తారంటే మాకు తెల్లవారేలోగా మూటలు సర్దడమే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత మేము ఇస్త్రీ బల్ల మీద బట్టలు, దాని మీద పిల్లలు అన్నట్టు గడిపాం.

అయితే ఆ పై అంతస్తులో ఉబ్బ ఎక్కడ వేస్తారు? దుప్పటి ఎక్కడ ఆరేస్తారు? రోజూ ఆటోలో రేవుకు రావాలి. ఛార్జీలో సగం నేనిస్తున్నాను, మిగతా సగం వాళ్ల కూలిలోంచి పోతోంది. ఎండెక్కాక గానీ బండ దగ్గరికి చేరలేరు. మీ గంజి బట్టలు ఆలస్యమవుతున్న కారణం ఇదే, మేం బద్ధకించడం కాదు.

అహ్మదాబాద్‌లో సబర్మతి ఒడ్డు కట్టినప్పుడు 10 వేలకు పైగా కుటుంబాలను వేరేచోటి ఇళ్లకు తరలించారు, బట్టలు ఉతికేవాళ్లకు కొత్త రేవు కూడా కట్టారు. అంటే మేం అడిగేది గొంతెమ్మ కోరిక కాదు. మెట్లు, కుళాయి, దండేలకు కాస్త జాగా, కొన్ని ఇళ్లయినా గట్టుకు నడిచి వచ్చే దూరంలో. వార్డు సమావేశంలో ఇదే చెప్పాను. మాట మధ్యలో గొంతు వణికింది, అది వేరే సంగతి.

వీధుల్లో నిలబెట్టే మా రెండు ఇస్త్రీ బండ్ల గురించి కూడా అడిగారు. 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం కదిలించాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రస్తుతానికి అవి కదలవు.

ఇక లెక్కలు. చొక్కా ఇస్త్రీ 10 రూపాయలే, సంక్రాంతి దాకా పెంచను. గంజి బట్టలకు రెండు రోజులు కాదు, మూడు రోజులు. ఏరు పొంగిన రోజుల్లో దుప్పట్లు తీసుకోను. నిరుడు వరదలో కొట్టుకుపోయిన వాటికి డబ్బు కట్టాను, ఇంకా ఎవరికైనా బాకీ ఉంటే మొహమాటపడకుండా అడగండి.

అటక మీద ఆరు నెలలుగా ఎవరూ తీసుకోని మూట ఒకటుంది. ఎర్ర అంచు పంచెలు రెండు, పసుపు పచ్చ దుప్పటి ఒకటి. మూలన మూడు చుక్కల గుర్తు ఉంది. ఎవరివో చూసి తీసుకెళ్లండి, గంజి మళ్లీ పెట్టి ఇస్తాను.