యుద్ధ వార్తలో అది ఎవరి మాటో చెప్పాలి

యుద్ధరంగం నుంచి వెలువడే ప్రకటనలను నిర్ధారణ కాకముందే జరిగిపోయిన సంగతులుగా ప్రచారం చేసే ధోరణి ఆందోళన కలిగిస్తోంది. 2025 మే 8 రాత్రి మన నౌకాదళం కరాచీ రేవును ధ్వంసం చేసిందని కొన్ని చానళ్లు ఊదరగొట్టాయి. అటువంటి దాడేదీ జరగలేదని తరువాత తేలింది. తరతరాలుగా సైన్యానికి బిడ్డలను పంపిన మాధవరానికి కూతవేటు దూరంలో ఉన్న మాకు ఇది కాలక్షేపం కాదు: కొడుకు సరిహద్దులో ఉన్న మా పొరుగింటి తల్లి ఆ రాత్రంతా ఫోను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. ఉక్రెయిన్‌లోనూ ఇదే తంతు. 2023 మే 20న బఖ్‌ముత్ నగరం పూర్తిగా తమ వశమైందని రష్యా పక్షాన పోరాడుతున్న కిరాయి సేన వాగ్నర్ అధిపతి ప్రిగోజిన్ ప్రకటిస్తే, ఉక్రెయిన్ ప్రభుత్వం వెంటనే ఖండించింది. ఆర్మా 3 అనే కంప్యూటర్ ఆటలోని దృశ్యాలు సైతం అసలు పోరాటాలుగా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. కాబట్టి పత్రికలు ప్రతి యుద్ధ వార్తలోనూ ఆ మాట ఏ పక్షానిదో, అవతలి పక్షం ఒప్పుకుందో లేదో, ఉపగ్రహ చిత్రం వంటి స్వతంత్ర ఆధారం ఉందో లేదో మొదటి వాక్యంలోనే తెలపాలి. పొరపాటు జరిగితే, ఆ వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాలతో సవరణ ప్రచురించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తాడేపల్లిగూడెం