నర్సుల లెక్కలో ఆ 30 శాతం ఏది?

సంపాదకులకు,

ప్రకాశం జిల్లాలో నర్సుల కొరత మాట వస్తే మంజూరైన పోస్టుల సంఖ్య చూస్తే చాలదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో 3 పడకలకు ఒక నర్సు అన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అది మూడు షిఫ్టులకూ కలిపి. అంటే ఒక్కో షిఫ్టులో 9 పడకలకు ఒకరు. 30 పడకలకు 10 మంది, సెలవుల రిజర్వు, అంటే సెలవులో ఉన్నవారి బదులు పనిచేసే అదనపు నర్సులు, 30 శాతం కలిపితే 13. ఆ ముగ్గురూ లేకపోతే మొదట దెబ్బతినేది రాత్రి డ్యూటీయే. సెలైన్లు, ఇంజెక్షన్లు, బీపీ నమోదు అన్నీ ఒక్కరి మీదే పడతాయి. ఇది రోగికి ప్రమాదం.

నర్సింగ్ ప్రొఫెసర్లు ఈ లెక్కను పాఠంతో ఆపకూడదు. నెలపాటు షిఫ్టువారీగా డ్యూటీలో ఉన్నవారిని, నేల మీద పడుకున్నవారితో సహా రోగులను లెక్కరాసి ఆసుపత్రి అభివృద్ధి సంఘం ముందు పెట్టాలి. అంకెల్లేని వినతిపత్రం ఫైలు దాటదు. ఆ సమావేశాలకు నర్సింగ్ ప్రొఫెసర్‌నూ పిలవాలని కలెక్టరు గారిని కోరుతున్నాం.

– నర్సింగ్ అధ్యాపకులు, ఒంగోలు