మంత్రిగారూ, మా ల్యాబ్‌కి ఒక వాల్వ్ ఇప్పించండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను విజయవాడలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కెమిస్ట్రీ చెబుతాను. ల్యాబ్‌లో నీటి లీకేజీ గురించి మేం పెట్టిన అర్జీలు మీ కార్యాలయానికి చేరే ఉంటాయి. ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబు మాకు కంఠతా వచ్చేసింది కాబట్టి ఈసారి నలుగురి ముందూ అడుగుతున్నాను.

మా ల్యాబ్ మునగడానికి బుడమేరు పొంగనక్కర్లేదు సార్. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ ఇళ్లు మునిగినప్పుడు మా గదిలోకి చుక్క రాలేదు. మాకు వరద తెచ్చేది పై అంతస్తు బాత్‌రూమ్ పైపు, ద్రవాల్ని మరిగించి శుద్ధి చేసే డిస్టిలేషన్ యూనిట్ రబ్బరు ట్యూబు. అందులో ఆవిరిని మళ్లీ ద్రవంగా మార్చే కండెన్సర్ చల్లగా ఉండాలంటే ఆ ట్యూబులో నీళ్లు ఆగకుండా పారాలి. మిగతా కుళాయిలన్నీ కట్టేశాక లైన్‌లో ప్రెషర్ పెరిగి, వదులైన ట్యూబు ఊడిపోతుంది. ఆపుదామంటే మెయిన్ వాల్వ్ భవనం వెనక పంపు గదిలో ఉంది. తాళం వాచ్‌మన్ దగ్గర. ఆయన టీకి వెళ్తే మేం బకెట్లు పట్టుకోవడమే.

తుడిస్తే పోయే తడి కాదిది. లేబుళ్లు నాని ఊడిపోయిన సీసాలు ఒక అలమర నిండా ఉన్నాయి. ఏది ఏ కెమికలో తెలీదు, వాడలేం, సింకులో పారబోయనూ లేం. కర్బన పదార్థంలో నైట్రోజన్, సల్ఫర్ లాంటివి ఉన్నాయేమో చూసే లాసైన్ పరీక్షకి కావాల్సిన సోడియాన్ని కిరోసిన్‌లో దాచేదే తడి తగలకూడదని. స్లాబు సరిగ్గా ఆ సోడియం ఉన్న అలమర మీదే కారుతోంది. సోడియానికి నీళ్లు తగిలితే హైడ్రోజన్ పుట్టి అంటుకుంటుందని పాఠం మేం చెబుతాం, ప్రయోగం ప్రభుత్వమే చూపించాలా? స్విచ్‌బోర్డు ఉన్న గోడంతా చెమ్మ. స్విచ్ వేయాలంటేనే టెన్షన్.

అసలేమీ చేయలేదనను. తనిఖీ బృందం వస్తోందనగానే సీలింగ్‌కి రంగు వేయించారు. మరకలు పోయాయి, కారడం పోలేదు. రంగు మాత్రం బాగుందండి.

ఇంజినీరుగారు వచ్చి మొత్తం భవనం ప్లంబింగ్‌కి ఎస్టిమేట్ వేశారు. తర్వాత నిధుల్లేవన్నారు. మేం అంత అడిగామా? ల్యాబ్ గుమ్మం బయట, చేతికి అందే ఎత్తులో ఒక బాల్ వాల్వ్. ఆ బాత్‌రూమ్ పైపు మార్పించడం. నీళ్లు పోవడానికి నేలకి కాస్త వాలు, ఒక తూము. ట్యూబులకి క్లిప్పులు మేమే కొనుక్కున్నాం, వాటికి బిల్లు కూడా పెట్టం. వాల్వ్ ఒక్కటైనా ముందు పెట్టించండి, దయచేసి.

సెమిస్టర్ ప్రాక్టికల్స్ దగ్గరపడ్డాయి. పిల్లల్ని ఆ స్విచ్‌బోర్డు పక్కన నిలబెట్టమంటారా, వద్దంటారా? అదైనా రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్,
విజయవాడ