బెల్టు తినే బలం

తిరుపతి

రేయ్ మామా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. చిత్తూరులో ఎవరో షెడ్డువాళ్లు నీ పాత పెట్రోలు బండికి సూపర్‌ఛార్జర్ (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా కుక్కే పరికరం) బిగిస్తామన్నారనీ, పికప్‌తో పాటు మైలేజీ కూడా పెరుగుతుందన్నారనీ రాశావు. పికప్ మాట నిజమే. మైలేజీ మాట మాత్రం నమ్మొద్దురా. చదివినప్పటి నుంచి అదే టెన్షన్, అందుకే భోంచేసి కూర్చుని రాస్తున్నా.

పోయిన వారం అమ్మానాన్నను కొండకు తీసుకెళ్లా. అలిపిరి దాటాక ఒక మలుపులో సెకండ్ గేరు వేసినా బండి మూలుగుతుంటే ఏసీ ఆపేశా. వెనక నుంచి ఎవరో తోసినట్టు కదిలింది. ఏసీ కంప్రెసర్‌ను తిప్పే బెల్టు ఇంజన్ బలాన్ని ఎంత తింటుందో ఘాట్ రోడ్డులో బాగా తెలుస్తుంది. సూపర్‌ఛార్జర్ కూడా అట్లా బెల్టు మీద తిరిగేదే. గాలి కుక్కే ఇంకో పరికరం టర్బో అయితే ఎలాగూ బయటికి పోయే పొగ ఊపుతో తిరుగుతుంది. సూపర్‌ఛార్జర్‌కు మాత్రం ఇంజనే తన బలం తీసి ఇవ్వాలి.

ఇక గాలి సంగతి. కిలో పెట్రోలు సరిగ్గా కాలడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. సిలిండర్లలోకి గాలి ఎక్కువ కుక్కితే ఆ లెక్కన పెట్రోలూ ఎక్కువ పోవాల్సిందే కదా. పైగా నొక్కిన గాలి వేడెక్కుతుంది. ఆ వేడికి పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజన్ నాక్ కొట్టకుండా (టకటకమని కొట్టుకోకుండా) ఇగ్నిషన్ టైమింగ్, అంటే ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం, కాస్త వెనక్కి జరుపుతారు, ఇంకాస్త పెట్రోలు పోయేట్టు ట్యూన్ చేస్తారు. రెండూ మైలేజీకి దెబ్బే.

నిదానంగా తోలితే నష్టం కొంత తగ్గుతుంది, నిజమే. బైపాస్ వాల్వ్ (గాలిని పక్కదారి పట్టించే వాల్వ్) ఉంటే, యాక్సిలరేటర్ కొంచెమే తొక్కినప్పుడు గాలిని గట్టిగా నొక్కే పని ఉండదు. కానీ చంద్రగిరి దాటాక రోడ్డు ఖాళీగా కనిపిస్తే నీ కాలు ఆగుతుందా?

కంపెనీవాళ్లే పెట్టారు కదా అంటావేమో. యూరప్‌లో నిస్సాన్ మైక్రా కారుకు 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్ మీద సూపర్‌ఛార్జర్ పెట్టారు, మైలేజీ కోసమే. అయితే అక్కడ పెద్ద ఇంజన్ చేసే పని చిన్న ఇంజన్‌తో చేయించారు. మిల్లర్ సైకిల్‌తో (గాలి లోపలికి వచ్చే వాల్వ్ మూసే సమయం మార్చి పెట్రోలు ఆదా చేసే పద్ధతితో) ఇంజన్‌నే దానికోసం తయారు చేశారు, అక్కర్లేనప్పుడు సూపర్‌ఛార్జర్‌ను విడదీసే క్లచ్ పెట్టారు. నీ బండికి మాత్రం ఉన్న పాత ఇంజనే, దానిమీద అదనపు బరువు.

నువ్వు సరదాకే పెట్టించుకుంటానంటే అది వేరే మాట. అప్పుడైనా ముందు ఆర్‌టీవో ఆఫీసులో అడుగు, ఇంజన్‌లో మార్పులు వాళ్ల అనుమతి లేకుండా చేయకూడదు. మైలేజీ కోసమే అయితే షెడ్డుకు అడ్వాన్సు ఇవ్వొద్దు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు చూపించి, టైర్లలో గాలి సరిచేయించి, ఆదివారం ట్యాంకు ఫుల్ చేసుకుని ఇక్కడికి రా. ఇంటికి పోయాక మళ్లీ ఫుల్ చేయించి, ఎన్ని కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు పట్టిందో నాకు రాయి.

నీ మామ