స్టెప్నీని లెక్కలోకి తీసుకోని లిఫ్ట్ కిట్: నా జీపుకు మీరు చేసిన పనిపై ఫిర్యాదు

కావలి,
నెల్లూరు జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: నెల్లూరు వర్క్‌షాపులో బిగించిన టైర్లు, సస్పెన్షన్ లిఫ్ట్ కిట్ వాపసు తీసుకుని, బండిని పాత స్థితికి తెచ్చి, డబ్బు తిరిగి చెల్లించడం గురించి.

అయ్యా,

ఈ మార్చి మొదటి వారంలో మీ నెల్లూరు వర్క్‌షాపులో నా జీపుకు టైర్లు, బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్ వేయించి 1,74,500 రూపాయలు కట్టాను. బిల్లు నకలు ఈ ఉత్తరంతో జతచేశాను. ఇప్పటికి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడోసారి మీ వర్క్‌షాపు ఇన్‌ఛార్జి "పెద్ద టైర్లు కదా సార్, కొన్నాళ్లు అలాగే ఉంటది, అలవాటైపోద్ది" అన్నారు. అలవాటు చేసుకుని ఊరుకునే లోపాలు కావివి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాది 2018 మోడల్ మహీంద్రా థార్, సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్. మీ దగ్గరికి వచ్చేదాకా దానితో నాకు ఏ ఇబ్బందీ లేదు. నెలకోసారి భార్యను, ఇద్దరు పిల్లలను ఎక్కించుకుని, టెంటు, రెండు నీళ్ల క్యాన్లు, గ్యాస్ పొయ్యి వేసుకుని వింజమూరు మీదుగా ఉదయగిరి, అక్కడి నుంచి సీతారాంపురం వైపు పోతాం. వెలికొండల అడుగున మా బావగారికి మామిడి తోట ఉంది. అదే మా క్యాంపు. దారిలో నూటికి తొంభై పాళ్లు తారు రోడ్డే. చివర నాలుగైదు కిలోమీటర్లు ఎర్రమట్టి, ఒక వాగు, వాగు దాటాక పలుగురాళ్ల ఎత్తు. అప్పుడప్పుడు తుమ్మలపెంట దగ్గర ఇసుక దారి. ఇదంతా మీ కౌంటర్‌లో చెప్పాను. నేను అడిగింది కంపెనీ సైజులోనే, అంటే 235/70 ఆర్16లోనే, అన్ని దారులకూ పనికొచ్చే ఆల్ టెర్రైన్ టైర్లు. సామాను బరువుకు వెనక కుంగకుండా కమాన్లు కాస్త గట్టిపరచమన్నాను. అంతకు మించి ఏమీ అడగలేదు.

"క్యాంపింగ్ బండికి అవి చాలవు సార్" అని మీ సేల్స్ అబ్బాయి 265/75 ఆర్16 సైజులో బురదకు వాడే మడ్ టైర్లు, 3 అంగుళాల లిఫ్ట్ చెప్పాడు. లిఫ్ట్ వేస్తే కింద ఏదీ తగలదన్నాడు. గేర్ల సంగతేమిటని నేనే అడిగాను. "ఫోర్ లో ఉందిగా సార్, అది చూసుకుంటుంది" అన్నాడు. ఫోర్ లో అంటే నాలుగు చక్రాలకూ బలం పంపి, వేగం తగ్గించి లాగుడు పెంచే గేరు. నమ్మాను. మీ బోర్డు మీద నిపుణులని రాసుంది కాబట్టి నమ్మాను.

ఇంటికొచ్చాక నేనే కాగితం మీద లెక్క వేశాను. కంపెనీ టైరు ఎత్తు 735 మిల్లీమీటర్లు, మీరు వేసినది 804. తేడా దాదాపు 68. ఇరుసు లేచేది అందులో సగం, 34 మిల్లీమీటర్లే. స్ప్రింగుల కింద ఎంత లిఫ్ట్ వేసినా బాడీ, ఛాసిస్ పైకి లేస్తాయి తప్ప వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. మా దారిలో రాళ్లకు తగిలేది ఆ గుండే. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే 3 అంగుళాల లిఫ్ట్‌కు ఒప్పుకునేవాణ్ణి కాదు.

గేర్ల లెక్క ఇంకా కష్టపెట్టింది. టైరు నూటికి 9 పాళ్లు పెద్దదైతే చక్రం దగ్గర లాగే బలం అంత మేరకు పడిపోతుంది. ఈ ఇంజన్ 247 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, ఇచ్చేది 1800, 2000 ఆర్‌పీఎంల మధ్య. ఇదివరకు వాగు దాటాక రెండో గేరులో ఎక్కే ఎత్తు ఇప్పుడు రెండులో ఎక్కడం లేదు. ఆర్‌పీఎం కిందికి జారిపోయి బండి ఊగుతుంది. మొదటి గేరులో వేసి సగం క్లచ్ మీద లాగితే మాడిన వాసన. ఫోర్ లో 2.48 రెట్లు తగ్గిస్తుంది, నిజమే. కానీ ఆ తగ్గింపులో కొంత ఇప్పుడు టైరే తినేస్తోంది. అదీకాక ఫోర్ లో తారు రోడ్డు మీద వాడేది కాదు. నా ప్రయాణంలో తొంభై పాళ్లు ఆ రోడ్డే కదా. అంత పెద్ద టైరు వేసినప్పుడు ముందు, వెనక ఇరుసుల్లోని క్రౌన్ పినియన్ గేర్లు రెండూ ఒకే నిష్పత్తిలో మార్చాలి. అది ఖర్చుతో కూడిన పని, వద్దనుకునేవాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లకు టైరు కంపెనీ సైజు దాటకుండా చూడాలి. ఈ రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోమని మీరు నన్ను అడగనే లేదు. స్పీడోమీటరు 60 చూపిస్తే ఫోన్‌లో జీపీఎస్ 64 చూపిస్తోంది. అది కూడా మీరు చెప్పలేదు.

ఇక ఏప్రిల్ రెండో శనివారం జరిగిన సంగతి.

వాగు దాటి ఎత్తు ఎక్కుతుంటే ముందు ఎడమ టైరు పక్కగోడను పలుగురాయి కోసింది. రాళ్లలో టైరు కోసుకుపోవడానికి మిమ్మల్ని అనను. స్టెప్నీ దింపుదామని వెనక్కి వెళ్లాను. తలుపు మీద ఉన్నది పాత 235/70 టైరే. నాలుగు టైర్లు మార్చారు, ఐదోది అలాగే వదిలేశారు. బిల్లులో 'టైర్లు 4' అని ఉంది, నేను గమనించలేదు. నాలుగు చక్రాలూ ఒక్కటిగా తిరగాల్సిన బండికి 68 మిల్లీమీటర్లు చిన్న చక్రం స్టెప్నీగా వదిలేసి పంపేముందు ఒక్క మాట చెప్పాల్సింది కాదా? దాన్ని ముందు వేసుకుంటే ఫోర్ వీల్ వేయడానికి వీల్లేదు. వేస్తే ముందూ వెనకా సమానంగా తిరగక గేరుపెట్టె పట్టేస్తుంది.

అదైనా బిగిద్దామంటే జాకీ అందలేదు. బండి లేచింది, జాకీ పాతది. చీకటి పడుతోంది. నేను ఒకదాని మీద ఒకటి పలక రాళ్లు పేరుస్తుంటే, గొర్రెలు తోలుకుని ఇంటికి పోతున్న కాపరి ఆగి, "అన్నా, రాయి మీద రాయి పెట్టబాకన్నా, జారితే చెయ్యి పోద్ది" అని తన దొడ్డి దగ్గర నుంచి తుమ్మ మొద్దు ఒకటి మోసుకొచ్చాడు. ఆయన రాకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. పక్కనే టార్చి పట్టుకుని నిలబడింది పదకొండేళ్ల మా అమ్మాయి.

చక్రం ఊడదీశాక అసలు భయం పట్టుకుంది. రిమ్ము లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. ముందు చక్రాన్ని తిప్పే షాఫ్ట్ జాయింట్ మీది రబ్బరు బూటు చుట్టూ చీలిపోయి, మడతల్లో ఇసుక, గ్రీజు ముద్దలు కట్టాయి. మీరు ముందు స్ప్రింగులుగా పనిచేసే కడ్డీల, అంటే టార్షన్ బార్ల, బోల్టులు బిగించి ముందు భాగం లేపారు. దాంతో షాఫ్టులు ఏటవాలుగా దిగి, ఎప్పుడూ ఆ వంపులోనే తిరుగుతున్నాయి. నెలన్నరకే బూటు తెగింది. అంతకన్నా ఘోరం చక్రానికి బ్రేక్ ఆయిలు తెచ్చే బ్రేక్ హోస్. చక్రం కిందికి వేలాడగానే అది బట్టలారేసే తాడులా బిగుసుకుపోయింది. వేలితో నొక్కితే వంగలేదు. లిఫ్ట్ వేసిన మీరు పొడవాటి హోస్ వేయలేదు, ఉన్నదాని క్లిప్పు జరపలేదు. గుంటలో చక్రం ఒక్కసారి పూర్తిగా దిగి ఆ హోస్ తెగితే, ఆ వాలులో ముందు బ్రేకులు ఉండేవి కావు. లోపల పిల్లలున్నారు.

ఆ రాత్రి గంటకు ఇరవై దాటకుండా ఉదయగిరి చేరి, లాడ్జిలో పడుకున్నాం. మర్నాడు ట్రక్కు మీద బండిని కావలి తెచ్చాను. ఇక్కడి మెకానిక్ బండి లేపి చూసి, వెనక కమాన్లు ఎత్తు చేసినప్పుడు షాఫ్టు వెనక ఇరుసులో కలిసే చోట పినియన్ కోణం సరిచేయలేదని, 50 దాటితే వచ్చే అదురు అందుకేనని అన్నాడు. అలైన్‌మెంట్ రిపోర్టు అడిగాడు. మీరిచ్చిన కాగితాల్లో అదీ లేదు. ఆయన రాసిచ్చిన కాగితం, ఫొటోలు జతచేశాను.

మరొక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ మార్పు చూపించి ఇన్సూరెన్సు వాళ్లు క్లెయిమ్ కాదంటే నాకు దిక్కెవరు? బిగించేముందు ఆ సంగతి కస్టమర్‌కు కాగితం మీద చెప్పడం మీ బాధ్యత. నాకు నోటిమాటగా కూడా చెప్పలేదు.

కాబట్టి టైర్లు, కిట్ వెనక్కి తీసుకుని మొత్తం 1,74,500 రూపాయలు చెల్లించండి. ఎక్స్ఛేంజ్‌లో తీసుకున్న నా పాత టైర్లకు బదులు 235/70 ఆర్16 టైర్లు వేసి, స్ప్రింగులు, టార్షన్ బార్లు కంపెనీ ఎత్తుకు తెచ్చి అలైన్‌మెంట్ రిపోర్టు ఇవ్వండి. చెడిన షాఫ్ట్, క్లచ్ పరీక్ష, ట్రక్కు ఖర్చు మీరే భరించాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేస్తాను.

ఇదంతా తేలేదాకా ఒక్క పని మాత్రం ఆపకండి. ఇదే కిట్ ఇదే మోడల్‌కు మీరు ఇంకెంతమందికి బిగించారో మీ రిజిస్టరులో ఉంటుంది. వాళ్లందరికీ ఈ వారమే ఫోన్ చేసి, ముందు చక్రాలు వేలాడదీసి బ్రేక్ హోస్‌లు చూడమని చెప్పండి. నాకు జవాబివ్వడం నాలుగు రోజులు ఆలస్యమైనా సరే, ముందు ఆ ఫోన్లు చేయండి.

ఇట్లు,
మీ కస్టమర్,
కావలి.

జతపరిచినవి: బిల్లు నకలు, చీలిన బూటు, బ్రేక్ హోస్ ఫొటోలు 6, మెకానిక్ రాసిచ్చిన కాగితం, ట్రక్కు రసీదు.